అయివారు రాసిన పుట్టినరోజులు

వేదిక మీదున్న పెద్దలకు, నాన్నతో కలిసి పనిచేసిన మాస్టార్లకు, టీచరమ్మలకు, కందుకూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలు మాట్లాడుకుని మరీ నాన్న సంస్మరణ సభకు వచ్చిన మా ఊరివాళ్లకు నమస్కారం. బాబూ, ఈ మైకు కొంచెం దించు. ఇందాక మాట్లాడిన సార్లందరూ నాన్నంత పొడుగు. నేను అమ్మ పోలిక.

ముందే ఒక క్షమాపణ. పొద్దున్నుంచి అందరూ ‘మాస్టారుగారు, మాస్టారుగారు’ అంటున్నారు. నాకు ఆ గారు నోట పలకదు. ఇంట్లో నాన్న అనే పిలిచాను, నువ్వు అనే పిలిచాను. ఇప్పుడు కొత్తగా గౌరవం మొదలుపెడితే వేరే ఎవరి గురించో చెప్తున్నట్టు ఉంటుంది. అందుకని నాన్న అన్నాడు, నాన్న వచ్చాడు అనే చెప్తాను. ఏమనుకోకండి.

కార్డు అందినవాళ్లలో చాలామంది ఫోన్ చేసి ఒకటే మాట అడిగారు. “ఏందమ్మాయ్, సార్ పుట్టినరోజు జులై ఒకటి కదా? నువ్వు నవంబరు 22 అని కొట్టించావే?” అని. ప్రెస్సువాడి తప్పనుకున్నారు కొందరు. తప్పు కాదు. సర్వీసు రిజిస్టరులో 1-7-1945 అని ఉన్నమాట నిజమే. ఆ లెక్క ప్రకారమే 2003 జూన్ 30 సాయంత్రం దండలేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. ఒకటో తేదీన పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి, సర్కారు పద్ధతి అది. కానీ మా నాన్నమ్మ లెక్క వేరే. పార్థివ నామ సంవత్సరం, కార్తీకం, పున్నమి వెళ్లిన మూడోనాడు, బేస్తవారం. నాన్న ఎప్పుడో పాత పంచాంగం సంపాదించి ఆ లెక్క వేస్తే 1945 నవంబరు 22 వచ్చింది, సరిగ్గా బేస్తవారమే. అంటే నాన్న ఐదు నెలలు ముందే రిటైరయ్యాడన్నమాట. “మా అయివారు నాకు ఐదు నెలల జీతం ఎగ్గొట్టాడే” అనేవాడు. అయివారంటే నాన్నకు అక్షరాలు దిద్దించిన పంతులు. బడిలో చేర్చిన రోజు ఆ పెద్దాయన నాన్నను ఎగాదిగా చూసి, నోటికొచ్చిన తేదీ వేశాడు.

ఇక్కడ నలభై దాటినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. మీలో జూన్ ఒకటో తేదీన, జులై ఒకటో తేదీన పుట్టినవాళ్లెవరు? చూశారా. సగం చేతులు దిగలేదు. దించండమ్మా, చాలు.

నాన్న 1968లో ఉద్యోగంలో చేరాడు. ఎలిమెంటరీ స్కూలు. అప్పటికి మనది నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా వచ్చింది. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్లో మళ్లీ మనల్ని నెల్లూరులో కలిపారు. ఆ రోజు పేపరు మడిచి అమ్మతో అన్నాడంట: “పుట్టిన జిల్లాకు వచ్చేశానే, మెట్టు కూడా దిగకుండా.” మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రంలో చదివి, ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన తరం అది. రాజధానులు మారాయి, జిల్లాలు మారాయి. మా ఇంటి ముందు వేపచెట్టు మాత్రం అక్కడే ఉంది.

ఆ రోజుల్లో బడిలో చేర్చడమంటే ఏందో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఇప్పుడు ఆసుపత్రిలో బిడ్డ ఏడ్చేలోపు సర్టిఫికెట్టు వస్తుంది. అప్పుడు జనన మరణాల పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. అందులో ఎక్కేవాళ్లు ఎక్కేవాళ్లు, ఎక్కనివాళ్లు ఎక్కనివాళ్లు. పల్లెల్లో పురుళ్లన్నీ ఇళ్లలోనే కదా. అందుకని పిల్లాడి పుట్టినరోజు మొట్టమొదట కాగితం మీద పడేది బడిలోనే, అడ్మిషన్ రిజిస్టరులో. వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, పుట్టుమచ్చలు రెండు. పేరుకు తండ్రి ఉన్నాడు, పుట్టుమచ్చకు ఒళ్లు ఉంది. తేదీకి మాత్రం ఏ ఆధారమూ ఉండదు. ఆ గడి ఖాళీగా వదలకూడదు. ఐదేళ్లు నిండాయని చూపిస్తేగాని చేర్చుకోకూడదు. అందరు అయివార్లూ ఏం చేశారో నాన్నా అదే చేశాడు. బడి తెరిచే నెల ఒకటో తేదీ వేశాడు, ఐదేళ్లు వెనక్కి లెక్కేసి. పిల్లాడు కాస్త ఏపుగా ఉంటే ఆరో, ఏడో.

పొడుగ్గా ఉన్నాడని అలా ఎక్కువ వయసు వేయించుకున్న పిల్లాడొకడు, నాన్న చేరిన మొదటి ఏడాది బ్యాచ్. పేరు చెప్పను. ఈ హాల్లోనే ఉన్నాడు, నేను చెప్తానని తెలిసే వచ్చాడు. 1982లో పోలీసు ఉద్యోగానికి వెళ్లాడు. పరుగు గెలిచాడు, ఛాతీ కొలత సరిపోయింది, సర్టిఫికెట్టు దగ్గర ఆపేశారు. వయసు నలభై రోజులు దాటిందన్నారు. వాళ్లమ్మ లెక్కలో చూస్తే ఏడాదికి పైగా గడువు ఉంది ఆ పిల్లాడికి. కానీ టెన్త్ సర్టిఫికెట్టులో ఎక్కిన తేదీని కదిలించడం ఎవరి తరం?

నాకప్పుడు ఏడేళ్లు. ఆ అన్న మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డం నాకు బాగా గుర్తు. అరవలేదు, తిట్టలేదు. చెప్పులు గేటు బయటే విడిచాడు. నాన్న అప్పుడే స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆ అన్న అడిగింది ఒక్కటే: “అయివారూ, పొడుగ్గా పుట్టడం నా తప్పా?”

నాన్న దగ్గర జవాబు లేదు. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. అమ్మ మజ్జిగ తెచ్చింది, తాగలేదు. వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు నాన్న ఎదురుపడితే సందు మార్చుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం నాన్న బడికి వెళ్లి రిజిస్టరు ఇంటికి తెచ్చాడు. తేకూడదు, అయినా తెచ్చాడు. హరికేన్ లాంతరు దగ్గర పెట్టుకుని జూన్ ఒకట్లు లెక్కపెట్టాడు. నూట పద్నాలుగు. పైకే అన్నాడు, నూట పద్నాలుగు అని. అమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది: “నూట పద్నాలుగు మంది తల్లులు ఒకే రోజు కన్నారా అయ్యా?”

ఇందాకటి నుంచి మీరందరూ నాన్న గొప్పతనం చెప్తున్నారు. సంతోషమే. కానీ నాన్న రాసిన రిజిస్టర్ల గురించి చెప్పినవాళ్లెవరూ ఒక మాట చెప్పలేదు, ఎందుకంటే వాళ్లకు తెలియదు. 1982 తర్వాత ఆ బడిలో ఎక్కిన పుట్టిన తేదీలన్నీ రాసింది నాన్న, కనుక్కొచ్చింది అమ్మ. అమ్మ తల వంచుకుంది చూడండి. ఎత్తమ్మా.

అమ్మది ఉలవపాడు దగ్గర. ఐదో తరగతితో ఆపేశారు. 1972లో పెళ్లి. అయివారమ్మ అంటే ఊళ్లో ఆడవాళ్లందరూ చాప వేసి కూర్చోబెట్టేవాళ్లు. నాన్న ఏప్రిల్, మే నెలల్లో చేరబోయే పిల్లల పేర్లు చీటీ మీద రాసిచ్చేవాడు. అంతకుముందే, పొగాకు రోజుల్లోనే, అమ్మ సగం ఆరా తీసేసేది. మన దిక్కు పొగాకు సంగతి మీకు చెప్పక్కర్లేదు. జనవరి నుంచి ఆకు కోసి తేవడం, కర్రలకు కట్టడం, బ్యారన్‌లో, అంటే పొయ్యి వేడి పెట్టే కొట్టంలో, ఆకు కాల్చి ఆరబెట్టడం. ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఆకు కడుతుంటే అమ్మ కూడా ఒక కర్ర ముందు పెట్టుకునేది. చేతులు జిగురెక్కి నల్లబడేవి, అవే చేతులతో ఇంటికొచ్చి నాకు జడ వేస్తే నాకు కంపరం. కూలి తీసుకునేది కాదు. ఆమెకు కావలసింది వాళ్ల నోటి మాట.

అమ్మకు ఒక సూత్రం ఉండేది. “మొగోళ్లకు ఏడాది గుర్తుంటది, ఆడోళ్లకు నెల గుర్తుంటది.” అందుకని ఇద్దరినీ అడగాలి, విడివిడిగా. ఎప్పుడు పుట్టాడమ్మా అంటే ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఏం జరిగిందో అడగాలి.

ఒకామె అంది, స్కైలాబ్ పడుద్ది, అందరం చచ్చిపోతాం అన్నారు గదమ్మా, ఆ వారం మా పుంజును కోసుకుని తిన్నాం, అప్పటికి నాకు ఎనిమిదో నెల అని. స్కైలాబ్ అంటే అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం. అది పడింది 1979 జులై 11న, మన మీద కాదు, ఎక్కడో ఆస్ట్రేలియాలో. అంటే ఆ బిడ్డ ఆగస్టులో పుట్టాలి. పున్నమికి ముందా, అమావాస్యకు ముందా, ఏ వారం, అని ఇంకో నాలుగు ప్రశ్నలు. తేదీ దొరికేది. ఇంకొకామెకు, అదే ఏడాది మే తుపానుకు పాక ఎగిరిపోతే జనమంతా తలదాచుకున్న బడిలోనే కాన్పయింది. ఆ పిల్లకు తేదీ కోసం వెతకాల్సిన పనే లేదు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఆ తుపానును మర్చిపోయిన ముసలివాళ్లు ఎవరున్నారు? ఇంకొకామె, గ్రహణం నాడు నన్ను కదలనీకుండా చీకటి గదిలో పడుకోబెట్టారమ్మా, ఒళ్లు గోక్కోనీలా, నెల తిరక్కుండానే వీడు పుట్టాడు అంది. అది 1980 ఫిబ్రవరి 16, పట్టపగలు చీకటిపడ్డ సూర్యగ్రహణం. పిల్లాడిది మార్చి. ఆ తర్వాత బ్యాచ్‌లకు రామారావు ముఖ్యమంత్రి అయిన సంక్రాంతి, ఇందిరమ్మను కాల్చిన దీపావళి రోజులు. మన జిల్లా చరిత్ర, దేశ చరిత్ర అంతా అమ్మకు పురుళ్ల లెక్కలోనే తెలుసు. నేను ఎమ్మే చరిత్ర చదివాను. నాకు సంవత్సరాలు గుర్తుండవు. అమ్మను అడుగుతాను.

నాన్న దాన్ని మొదట తేలిగ్గా తీసుకున్నాడు. ఆడవాళ్ల కబుర్లు రిజిస్టరులో రాస్తానా అన్నాడు. అంతలో 1983 వచ్చింది. ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించింది. నాన్నకు పాఠం చెప్పడం నేర్పిన హెడ్మాస్టరొకాయన, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేతిలో పెట్టుకుని, ఉన్నపళాన ఇంటికొచ్చేశాడు. ఆయన తేదీ కూడా ఏ అయివారో నోటికొచ్చినట్టు వేసిందే. రెండేళ్లు ఎక్కువ వేశాడని ఆయన మా ఇంట్లో కూర్చుని చెప్తుంటే నేను విన్నాను. వయసు తర్వాత మళ్లీ 58 చేశారు లెండి. కానీ నాన్నకు ఆ గడి అంటే భయం పట్టుకుంది. అప్పటి నుంచి అమ్మ చెప్పిందాకా పెన్ను మూత తీసేవాడు కాదు.

ఆ భయం పట్టుకోకముందు సంగతి ఒకటి చెప్పాలి. నన్ను బడిలో చేర్చే ఏడాది నాకు ఐదేళ్లకు ఇరవై రోజులు తక్కువ. అది 1982కు ముందే కాబట్టి ఊళ్లో పిల్లలందరికీ ఉదారంగా జూన్ ఒకట్లు పంచిన మనిషే. సొంత కూతురికి మాత్రం నిజం తేదీ కావాల్సొచ్చింది! మా అమ్మాయికే నేను అబద్ధం వేస్తే ఊరు ఏమంటుంది అన్నాడు. నా ఈడు వాళ్లంతా ఒక క్లాసు ముందు వెళ్లిపోయారు. టెన్త్ దాకా వాళ్లను అక్కా అని పిలవాల్సొచ్చింది. ఆ కోపం నాకింకా ఉంది, నాన్నా.

ఇంకో కోపం కూడా ఉంది. చెప్పేస్తాను, మళ్లీ ఇంత మంది దొరకరు.

1989 నవంబరు తుపాను. కావలి దగ్గర తీరం దాటింది. మనకు ఎంత దూరం కావలి? ఆ రాత్రి గాలి మామూలుగా వీయలేదు, మూలిగింది. మా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచి వెళ్తున్నాయి. అమ్మ, నేను, తమ్ముడు మంచం కింద. నాన్న ఉన్నట్టుండి లేచి లుంగీ పైకి కట్టాడు. “బడి కప్పు నిలవదు, రిజిస్టర్లు తడుస్తాయి” అన్నాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. పిల్లలు ఇక్కడుంటే పుస్తకాల కోసం పోతావా, నీకు మనసెట్లా ఒప్పుద్దయ్యా అంది. నాన్న చెయ్యి విడిపించుకుని వెళ్లాడు. నాకు పద్నాలుగేళ్లు, అంతా చూశాను. తలుపు మళ్లీ మూయడానికి ముగ్గురం కలిసి తొయ్యాల్సొచ్చింది. ఆ తర్వాత అమ్మ ఏడవలేదు, మాట్లాడలేదు. తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

ఎంతసేపయిందో తెలియదు. తెల్లవారుజామున తలుపు కొట్టారు. తెరిస్తే నాన్న, ఆయనతోపాటు ఇంకొక మనిషి. ఇద్దరి మధ్య ట్రంకు పెట్టె. పెట్టె చుట్టూ యూరియా సంచులు చుట్టి, కొబ్బరి తాడుతో కట్టి ఉంది. బడి కప్పు సగం పోయిందంట. పెట్టె బరువుకు నాన్న ఒక్కడే లాగలేక చీకట్లో వానలో కూర్చుండిపోతే, ఆ మనిషి తన బ్యారన్ ఎట్లా ఉందో చూసుకోను పోతూ టార్చిలైటు వేశాడు. వేసి చూస్తే అయివారు. ఆ మనిషి ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. పొడుగ్గా పుట్టినవాడు. అప్పటికి వేరేవాళ్ల బ్యారన్ కౌలుకు తీసుకుని పొగాకు కాలుస్తున్నాడు. ఏడేళ్లుగా మాట లేదు. ఆ రోజు కూడా మాట్లాడుకోలేదని తర్వాత నాన్నే చెప్పాడు. పెట్టెకు చెరో పక్కా పట్టుకుని వచ్చారంతే. అమ్మ ఇద్దరికీ పొడి బట్టలిచ్చింది. నాన్న పంచె ఆ అన్నకు మోకాళ్ల దాకే వచ్చింది.

ఆ తర్వాతి జూన్‌లో ఆయన తన కూతురిని బడికి తెచ్చాడు. నాన్న కుర్చీలో ఉన్నాడు. పంచాయతీ ఆఫీసులో రాయించిన జనన ధ్రువపత్రం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, “తేదీ నేనే తెచ్చుకున్నా అయివారూ, మీకు శ్రమ లేకుండా” అన్నాడు. నాన్న నవ్వాడంట. ఇద్దరికీ మాటలు కలిసింది అప్పుడే. ఆ అమ్మాయి ఇప్పుడు కందుకూరులోనే టీచరు. ఇందాక ప్రార్థన పాడింది తనే.

బడి గురించి మిగతావి మీరంతా చెప్పారు కాబట్టి నేను పొడిగించను. చింత బరికె గురించి ఒక్కరూ చెప్పలేదు, మొహమాటం. కొట్టేవాడు. నన్ను ఇంకొంచెం ఎక్కువ కొట్టేవాడు. మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి శనివారం బడికి రాని పిల్లలందరూ కొండకు వెళ్లామనేవాళ్లు. నుదుట కుంకుమ చూపించమనేవాడు. పలకలు, బలపాలు పట్టుకుని పిల్లల కోసం బ్యారన్‌ల చుట్టూ తిరిగిన మాటా నిజమే. ఫిబ్రవరి, మార్చిలో సగం బడి ఖాళీ. రాత్రుళ్లు బ్యారన్ పొయ్యి దగ్గర మంట కాపలా ఉండే పిల్లల పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పించేవాడు. పొగాకు వాసన ఆయన చొక్కాలకు ఎప్పుడూ ఉండేది. జీవితంలో ఒక్క బీడీ తాగలేదు.

రిటైరయ్యాక నాన్నకు పని తగ్గలేదు, రకం మారింది. వరండాలో పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఇస్త్రీ చొక్కాతో కూర్చునేవాడు. ఎందుకు నాన్నా అంటే అలవాటు అనేవాడు. జనం వచ్చేవాళ్లు. ఆధార్ వచ్చాక మరీను. ఉద్యోగాల పిల్లలు వయసు తగ్గించే మార్గం చెప్పమని, ముసలివాళ్లు పింఛనుకు వయసు పెంచే మార్గం చెప్పమని. “ఈ ఊళ్లో ఎవడికీ ఉన్న వయసు సరిపోలేదు” అనేవాడు. పింఛను కోసం వచ్చిన అవ్వలను అమ్మ దగ్గరికి పంపేవాడు, వంటింట్లోకి. అక్కడ మళ్లీ తుపాన్లు, కరువులు, పెళ్లిళ్లు. గంట తర్వాత అమ్మ బయటికొచ్చి, ఈమెకు నిజంగానే నిండాయయ్యా, రాసివ్వు అనేది. ఒక్కోసారి నిండలేదనేది. ఆ రోజు ఆ అవ్వ మజ్జిగ కూడా తాగకుండా వెళ్లేది.

నాన్న అమ్మను పేరుపెట్టి పిలవడం నేను వినలేదు. ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కూడా పెద్దగా చూడలేదు. ఎవరో ఒకరి పుట్టినరోజు గురించే వాదించుకునేవాళ్లు. చివరి నెలల్లో, కళ్లు ఆనక పేపరు చదవలేనప్పుడు, అమ్మ పేపరు చదివేది, నాన్న వినేవాడు. అమ్మ కూడబలుక్కుని చదువుతుంది. ఒత్తులు తప్పితే నాన్న కళ్లు మూసుకునే దిద్దేవాడు. పోయిన నెల, పోయేముందు రోజు సాయంత్రం కూడా ఒక ఒత్తు దిద్దాడు.

మరణ ధ్రువపత్రానికి ఆఫీసుకు వెళ్లినప్పుడు అమ్మ కూడా వస్తానంది. వద్దన్నా వినలేదు. అక్కడ కూర్చున్న అబ్బాయి వయసెంత అన్నాడు. తమ్ముడు ఆధార్ చూసి డెబ్బై ఎనిమిది అన్నాడు. అమ్మ వెంటనే, “డెబ్బై ఎనిమిది నిండలా నాయనా. ఇంకా నెల పైన ఉంది” అంది. ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు, కార్డులో ఉన్నదే వేస్తామమ్మా అని. అమ్మ కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. పార్థివ సంవత్సరం అంది, కార్తీకం అంది, వాళ్లత్త చెప్పిన మాటంతా ఆ అబ్బాయికి చెప్పింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. కాగితం మీద డెబ్బై ఎనిమిదే పడింది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది ఇది ఒక్కటే. సభ పెడితే ఆయన పుట్టినరోజు నాడు పెట్టండి అని. తిథి ప్రకారం చూస్తే ఈ ఏడాది ఇంకో వారం ఉందన్నారు పంతులుగారు. తిథి వద్దు, ఆయన లెక్కేసిన తేదీయే కావాలంది. అందుకే కార్డులో అట్లా పడింది. ఈ రోజుతో నాన్నకు డెబ్బై ఎనిమిది.

అమ్మను మాట్లాడమని అడిగాను. నాకేం తెలుసు అంది. సరే.

భోజనాలు వెనక షెడ్డులో. దూరం వెళ్లాల్సినవాళ్లు ముందు కూర్చోండి, చివరి బస్సు చూసుకోండి. చేపల పులుసు ఉంటుందని ఆశపడి వచ్చినవాళ్లు క్షమించాలి, కార్తీక మాసం, వంకాయ కూరే. నాన్న ఉంటే అలిగేవాడు.